పాదం ఇచ్చే ముందు పనేమిటో అడగండి

ఊరి యువజన సంఘాలకు, పూర్వ విద్యార్థుల బృందాలకు, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఏదో ఒక మంచి పని చేసి వెళ్లాలనుకునే అమెరికా, గల్ఫ్ తెలుగువాళ్లకు ఈ విన్నపం. రోడ్డు ప్రమాదంలోనో, కరెంటు షాక్ కొట్టో, షుగర్ పుండు ముదిరో కాలు పోయినవాళ్లకు మీరు కృత్రిమ కాళ్లు ఇప్పిస్తున్నారు. ఇప్పించండి. ఏ పాదం ఇవ్వాలన్నది మాత్రం మీరు తేల్చకండి. ధర చూసి అసలే తేల్చకండి.

'మామూలు కాలెందుకు, కార్బన్ ఫైబర్ కాలే ఇప్పిద్దాం' అని చందాలు పోగుచేసేవాళ్లున్నారు. మనసు మంచిదే. పరుగు పోటీల్లో వంపు తిరిగిన ఆ బ్లేడ్లు చూసినవాళ్లకు అలా అనిపించడం సహజం. కానీ పరుగు బ్లేడుకు మడమే ఉండదు. దాని మీద ఒక్కచోట నిలబడి నలుగురితో మాట్లాడటం కూడా కష్టం. రోజూ నడవడానికి చేసే కార్బన్ పాదం వేరే. బరువు పడ్డప్పుడు వంగి, అడుగు లేచేటప్పుడు ముందుకు తోస్తుంది. వాటర్ స్కీయింగ్ చేస్తూ 1976లో కాలు పోగొట్టుకున్న వాన్ ఫిలిప్స్ అనే అమెరికన్ 1980ల్లో ఫ్లెక్స్ ఫుట్ పేరుతో తెచ్చింది ఇలాంటిదే. అంతకుముందు నుంచీ ఉన్న శాచ్ పాదంలో చీలమండ కదలదు, మడమలో మెత్తటి దిమ్మ మాత్రం ఉంటుంది. చవక, మరమ్మతు తక్కువ. కానీ ముందుకు తొయ్యదు. వేగంగా నడిచే కుర్రాడికి, రోజంతా తిరిగే సేల్స్ ఉద్యోగికి కార్బన్ పాదం అలసట తగ్గిస్తుంది. అది కాదనను.

చిక్కు మన గడప దగ్గర వస్తుంది. ఇలాంటి పాదాల్లో చాలావాటిని బూటు మడమ దాదాపు 1 సెంటీమీటరు ఎత్తు ఉంటుందన్న లెక్కతో చేస్తారు. కాలు నిలువును కూడా ఆ బూటు వేయించే సరిచేస్తారు. మనమేమో చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్లేవాళ్లం. బూటు తీసేసరికి మడమ కిందికి దిగి, కాలు వెనక్కి వాలుతుంది. చదునైన గచ్చు మీద కూడా ఎదురుగుట్ట ఎక్కుతున్నట్టు ఉంటుంది, మోకాలు వెనక్కి నెట్టినట్టవుతుంది. ఇంట్లో తిరగడానికి వేరే మెత్తటి జోడు పెట్టుకోవచ్చు. గుళ్లోనో మసీదులోనో ఏం చేస్తాడు? మడమ ఎత్తు మార్చుకునే వీలున్న పాదాలూ ఉన్నాయి. ఉత్తకాళ్లతో ఎక్కువ తిరిగేవాళ్లయితే నిపుణుణ్ణి వాటి గురించి అడగాలి.

ఈ ఇబ్బంది ముందే గుర్తించి చేసింది జైపూర్ పాదం. 1968 ప్రాంతంలో అక్కడి సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో దాన్ని రూపొందించారు. చెప్పు లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, నీళ్లలో దిగొచ్చు. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి'లో తన కథను తానే నటించిన సుధా చంద్రన్ నాట్యమాడింది ఆ కాలితోనే. వరిమడిలో దిగే మనిషికి ఖరీదైన కార్బన్ పాదం కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. కార్బన్ పాదం తొడుగులోకి బురద, ఇసుక చేరితే లోపల ఒరుసుకుంటుంది. ఎప్పటికప్పుడు విప్పి కడిగే ఓపిక, సాయం పల్లెలో ఎందరికి ఉంటాయి? అయితే జైపూర్ పాదం బరువెక్కువ, పరుగుకు అంత అనువు కాదు. ఆటలాడే పిల్లాడికి అదే అంటగట్టడమూ న్యాయం కాదు.

అందుకే పని అడగమంటున్నాను. కార్బన్ పాదం ఎంత గట్టిగా ఉండాలన్నది మనిషి బరువును, తిరుగుడును బట్టి నిర్ణయిస్తారు. 65 కిలోల హమాలీ 50 కిలోల బస్తా ఎత్తితే ఆ పాదం మీద పడేది 115 కిలోలు. ఈ సంగతి కొలతలు తీసేవారికి ఎవరూ చెప్పకపోతే పాదం త్వరగా విరుగుతుంది. గట్ల మీద, రాళ్ల దారుల్లో నడిచేవారికి పక్కలకు కూడా వాలే పాదం హాయి. కాకపోతే కదిలే భాగాలున్నదానికి సర్వీసింగ్ తప్పదు. బండి నడిపేవారైతే పోయింది ఎడమకాలా, కుడికాలా అని అడగాలి. మన బైకులకు గేరు ఎడమవైపు, వెనక బ్రేకు కుడివైపు ఉంటాయి. మోకాలి కింద మోడు పొడవుగా మిగిలినవారికైతే కొన్ని ఎత్తైన కార్బన్ పాదాలు అమర్చడానికి చోటే చాలదు.

ఇంతకీ పాదం కన్నా ముందు చూడాల్సింది సాకెట్. మోడు కూర్చునే ఆ గిన్నె ఒరుసుకుంటే ఎంత గొప్ప పాదమైనా అటకెక్కుతుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు మోడు సన్నబడుతూ ఉంటుంది, సాకెట్ వదులవుతుంది, మార్చాలి. ఈ ఖర్చుకు దాతలు దొరకరు. సాకెట్ మార్చడం ఫొటోలో కనపడదు మరి! మీరు పోగుచేసిన డబ్బంతా ఒక్క పాదం మీద పెట్టేయకండి. పనికి సరిపోతుందని నిపుణుడు చెప్పిన పాదం ఇప్పించి, మిగిలింది సాకెట్ మార్పులకు, మోడుకు వేసుకునే మెత్తటి లైనర్లకు, పాదం తొడుగుకు, మళ్లీమళ్లీ ఆసుపత్రికి వెళ్లే బస్సు ఛార్జీలకు ఉంచండి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద కాన్పూరులోని అలింకో సంస్థ తయారుచేసిన కాళ్లు అర్హులకు అందుతాయి. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కూడా కృత్రిమ అవయవాలు అమరుస్తారు. కాలు అలా దొరికినవారికి మీ సొమ్ము ఈ తర్వాతి ఖర్చులకు అక్కరకొస్తుంది.

కొలతలు తీసేవారు భారత పునరావాస మండలిలో నమోదైనవారో కాదో చూడండి. డబ్బు మొత్తం కట్టే ముందు ఆ పాదంతో కొన్నాళ్లు ఇంట్లో, పనిలో తిరిగి చూసే వీలు అడగండి. శిబిరం వేదిక మీద నాలుగడుగులు వేయించి చప్పట్లు కొడితే పాదం కుదిరిందో లేదో తెలియదు.

ఈసారి శిబిరానికి దరఖాస్తు అచ్చువేసేటప్పుడు పేరు, ఊరు, ఆధార్ నంబరు కింద ఇంకొన్ని గళ్లు చేర్చండి: ఏం పని చేస్తారు, ఎంత బరువు మోస్తారు, రోజులో ఎంతసేపు ఉత్తకాళ్లతో ఉంటారు, నీళ్లలో దిగుతారా, బండి నడుపుతారా, ఇంట్లో ఏ రకం మరుగుదొడ్డి ఉంది. ఆ కాగితం నకలు నేరుగా నిపుణుడి చేతికివ్వండి. దరఖాస్తు మీద మీ ఫోన్ నంబరు కూడా అచ్చువేయండి. కాలు ఇచ్చిన నెలకూ, ఆర్నెల్లకూ మీ అంతట మీరే ఫోన్ చేయండి.