త్రాసులో తాతగారి నాణెములు

ఇంటి పెద్ద గతించినపుడు పొలమును గూర్చియు, ఇంటిని గూర్చియు కలుగు తగవులు లోకవిదితములే. పాత నాణెముల పెట్టెను గూర్చిన నిర్ణయము మాత్రము మన యిండ్లలో గడియలో ముగియును. కంసాలి యంగడికి గొనిపోవుట, తూచుట, వచ్చిన సొమ్మును కొడుకులు పంచుకొనుట: ఇంతియే. ఈ గడియలోని పనిని మేము అజ్ఞానమనియు, అన్యాయమనియు కూడ చెప్ప సాహసించుచున్నాము.

హైదరాబాదులో చలనచిత్ర పరిశ్రమకు పొరుగున నున్న రహమత్ నగరు వంటి పేటలలో, ఇరుకు గదులలో అద్దెకుండువారికి తాతగారి యినుప పెట్టె ఒక బరువు. వారు దానిని అమ్మదలచిన తప్పులేదు. అద్దె బాకీపడినవానికి చరిత్ర మహిమను బోధించుట మా యుద్దేశము కాదు. అమ్మిన నాణెము చేయి మాఱును గాని బ్రదికి యుండును. మూసలో పడిన నాణెము మరల రాదు. మేము నిందించునది మూసనే.

త్రాసు నమ్మదగినదని కదా తూచువారి వాదము! కాని వెండి విషయమునను అది మోసగించును. 1940కి పూర్వపు బ్రిటిషు రూపాయిలో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. 1940లో వచ్చిన రూపాయిలో సగమే వెండి. 1947 నాటి రూపాయి నికెలుది. మొదటి రెండును త్రాసునకు సమానములే. ఇక ఏడింటికి ఆఱు బ్రిటిషు రూపాయల చొప్పున మాఱిన మన హాలీ సిక్కా రూపాయిని చూడుడు. దానిపైని చార్మినారు ద్వారములో నొక చిన్న అక్షరముండును. మహబూబ్ అలీఖాను కాలమున అది ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాను కాలమున ‘ఐన్’. ప్రభువు మాఱినట్లు చెప్పునది ఆ యొక్క యక్షరమే. త్రాసునకు చదువు రాదు.

అంతకంటె ఘనమైన సాక్ష్యము కోటిలింగాలలో నున్నది. గోదావరి యొడ్డున, నాటి కరీంనగరు జిల్లాలోని యా యూర, తూచి యమ్మిన పిడికెడు కూడ విలువ చేయని రాగి మొదలగు హీనలోహపు నాణెములు దొరకినవి. సంగనభట్ల నరహరిశర్మగారు వానిని సేకరించిరి, పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి ప్రకటించిరి. గోబద, నారన, కంవాయ, సమగోప యను శాతవాహన పూర్వ పాలకుల పేర్లు వానివలననే లోకమునకు దెలిసినవి. ఆ రాగి తునుకలను గిన్నెల వ్యాపారికి వేసియున్నచో ఆ పేర్లు నేటికిని మనకు తెలియకుండెడివి.

కరగించువారికి తీసిపోనివారు పూజించువారు. చింతపండుతో తోమి, కుంకుమ పూసి, కొక్కెము నతికించి మెడలో వేసినచో లక్ష్మి నిలుచునట! ఆ తోముటతో అక్షరములు నిలువకుండుట నిశ్చయము. ఇక బియ్యపు గింజలను లాగు రాగి నాణెమునకు కోట్లు వచ్చునని చెప్పు వంచకులకు ధనమర్పించుకొన్నవారిలో పట్టభద్రులును గలరు. చలనచిత్రములలో లంకెబిందె తెఱవగానే బంగారము ధగధగలాడును. నిజమైన పెట్టెలో నల్లబడిన బిళ్లలుండును. ఆ నలుపును చూచి విసుగుకొనుటయు చిత్రముల ప్రభావమేమో!

మేమెఱిగిన యొక యింట జరిగినది చెప్పుదుము. తండ్రి నలువదియేండ్లు నాణెములు కూర్చెను. సాయంకాలములందు కూతురు చెంత గూర్చుండి, ప్రతి నాణెమును కాగితపు సంచిలో నుంచి, అది ఏ యూర, ఎవరియొద్ద, ఎప్పుడు దొరకినదో పైన వ్రాసెను. తండ్రి గతించిన పిదప కుమారులు సంచులన్నియు చించి, నాణెములను గోనెలో బోసి, కాగితములను చెత్తలో వైచిరి. “చెల్లెలికి పెండ్లిలో కాసులపేరు పెట్టితిమి గదా, ఆమె నడుగ నేల?” యనిరి. ఇదియే మన లోకన్యాయము! కట్నమునకు కానుక యని పేరుపెట్టి, ఆ కానుకతో హక్కును కొనివేయుదుము. మరణశాసనము వ్రాయక గతించిన హిందువు స్వార్జితములో కుమార్తెకు కుమారునితో సమాన భాగమున్నదని 1956 నుండి చట్టము చెప్పుచునే యున్నది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణయు, 2005 నాటి పార్లమెంటు సవరణయు ఉమ్మడి యాస్తిలోను ఆమెకు హక్కు కల్పించినవి. కాసులపేరుతో ఆ భాగము తీఱునని ఏ చట్టమును చెప్పలేదు. ఆమె తన వంతును సోదరులకే విడిచిపెట్టిన, అది ఆమె యిష్టము. అడుగకయే విడిచిపెట్టినట్లు భావించుట దొంగతనమునకు దగ్గఱ. పైగా ఆ పెట్టెను చదువగలిగినది ఆ యింట ఆమె యొక్కతెయే.

కావున మొదట చేయవలసినది పట్టిక. నాణెములను తోమరాదు, కాగితములను వేఱుచేయరాదు. రెండు ప్రక్కల ఛాయాచిత్రములు తీసి, బరువును, వ్రాతను గుర్తింపవలెను. నేటి చేతి ఫోనుతో ఇది నాలుగు సాయంకాలముల పని. భూమిలో దొరకిన నిక్షేపము పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము; అది తాతగారిదని పంచుకొన వీలులేదు. నూఱేండ్లు దాటిన నాణెమును విదేశమునందలి మనుమనికి పంపరాదని 1972 నాటి చట్టము. తక్కినదానిని అమ్మదలచిన, ఒక్కరి మాట నమ్మక ఇద్దఱు తెలిసినవారికి చూపి, విడదీయక అమ్ముట మేలు. ఈయదలచిన, పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల యున్నది. అచ్చట పెట్టె నప్పగించి చేతులు దులుపుకొని రాక, పట్టిక యొక్క రెండు ప్రతులపై అధికారి ముద్ర వేయించి, ఒకటి యింటికి తెచ్చుకొనవలెను. ఆ ప్రతులపై వారసులందఱి చేవ్రాళ్లు, ఆడపడుచులవి కూడ, ముందుగనే యుండవలెను.