ఇల్లాలి మినహాయింపు వృథాయేనా?

హోసూరులో మా వీధిలో ఎదురెదురుగా రెండు కాపురాలున్నాయి. రెండిళ్లలోనూ మాట తెలుగే, ఉద్యోగాలు మాత్రం బెంగళూరు వైపు. మొదటి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పనికి వెళతారు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఒక్కొక్కరికి ఏడున్నర లక్షల ఆదాయం. రెండో ఇంట్లో ఆయనొక్కడికే పదిహేను లక్షలు. ఆమె కూడా మొన్నటిదాకా ఉద్యోగం చేసిన మనిషే. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టడంతో మానేసింది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో లెక్క వేసి చూశాను. మొదటి ఇంటికి పన్ను సున్నా. రెండో ఇంటికి సెస్సుతో కలిపి 1,09,200 రూపాయలు. రెండిళ్లకూ వచ్చేది అదే పదిహేను లక్షలు!

మనిషికి 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి మొదటి ఇంటివాళ్లు గట్టెక్కారు. రెండో ఇంట్లో ఆమెకూ చట్టం 4 లక్షల కనీస మినహాయింపు ఇచ్చింది. ఆదాయం లేక అది ఏటా వృథా అవుతోంది. పోనీ అది నా లెక్కలో కలపండి అని భర్త అడగడానికి ఫారం లేదు. సరే, డబ్బు ఆమె పేరున డిపాజిట్ చేద్దామంటే ఆ వడ్డీని మళ్లీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆదాయం పంచుకుంటామంటే మీరిద్దరూ ఒకటే అంటారు, మినహాయింపు పంచుకుంటామంటే ఎవరి లెక్క వారిదే అంటారు. ఇదెక్కడి న్యాయం?

కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోవడం మన చట్టానికి తెలియని సంగతేమీ కాదు. హిందూ అవిభక్త కుటుంబానికి విడిగా మినహాయింపు ఉంది. పోర్చుగీసు పౌర స్మృతి వర్తించే గోవా దంపతులకైతే 1961 చట్టంలోని 5ఎ సెక్షన్ కింద జీతం తప్ప మిగతా ఆదాయాన్ని ఇద్దరికీ సగం సగం రాస్తారు. 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ దంపతులకు ఉమ్మడి రిటర్ను సూచించింది. బడ్జెట్‌లో ఆ ఊసే రాలేదు.

మన పిల్లలు కొందరున్న బ్రిటన్‌లో 2015 నుంచి మధ్యేమార్గం ఒకటి నడుస్తోంది. ఆదాయం తక్కువున్న వారు తమ 12,570 పౌండ్ల మినహాయింపులో 1,260 పౌండ్లు జీవిత భాగస్వామికి బదలాయించవచ్చు. అవతలివారు బేసిక్ రేటులో పన్ను కట్టేవారై ఉండాలి. ఏడాదికి 252 పౌండ్ల దాకా మిగులుతుంది. మరిచిపోయిన వారు నాలుగేళ్లు వెనక్కి కూడా అడగొచ్చు. ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరి ఆదాయం పెరిగితే రద్దు చేసుకోవాలి, అంతే. భార్యే సంపాదించి భర్త ఇంట్లో ఉన్నా ఇదే పద్ధతి.

మనకూ 4 లక్షల్లో లక్ష బదలాయింపు ఇస్తే చాలు. ఎదురింటాయనకు 15,600 రూపాయలు మిగులుతాయి. మంచం మీదున్న మనిషికి మందులకు కొన్ని నెలలు వస్తాయి.

ఇలా చేస్తే ఆడవాళ్లను ఇంట్లోనే కూర్చోమంటారని భయపడేవారున్నారు. మినహాయింపు మొత్తం బదలాయిస్తే ఆ భయం నిజమే. 15,600 కోసం నెల జీతం వదులుకోమనే ఇల్లు మాత్రం నాకు కనపడలేదు. ఇక గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లే అక్కలకు దీనితో పనే లేదు, వాళ్ల ఇళ్లు పన్ను దాకా రావు. ఆ మాట దాచను.

చట్టం మారేదాకా ఒక్కటి చేయొచ్చు. ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు దాచుకున్న సొంత డబ్బుపై వడ్డీ ఆమెదే, భర్త లెక్కలో కలవదు. ఆ డబ్బును ఇంటి ఖర్చుల ఖాతాలో కలిపేయకుండా ఆమె ఖాతాలోనే విడిగా ఉంచండి. పాత పేస్లిప్పులు పారేయకండి, రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సింది అవే.