హార్స్‌పవర్ సరే, ట్రిమ్ సంగతేంటి?

మయామీ నుంచి బిమినీ దీవికి సుమారు 80 కిలోమీటర్లు. దారిలో ఉత్తరానికి పరుగెత్తే గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం. ఉత్తర గాలి దానికి ఎదురైతే అలలు నిటారుగా లేస్తాయి. జంట ఔట్‌బోర్డ్ ఇంజన్ల బోటు గుణం అక్కడే బయటపడుతుంది. ముక్కు ఎగిరెగిరి పడుతున్నా, ఒక పక్కకు ఒరుగుతున్నా యజమానులు ముందు తిట్టేది బోటునే. తర్వాత కొత్త ప్రొపెల్లర్లకు డబ్బు తగలేస్తారు. థ్రాటిల్ పిడి మీద, బొటనవేలి కిందే ఉన్న, ఇంజన్ వంపు కోణాన్ని మార్చే ట్రిమ్ బటన్ మాత్రం గుర్తుకు రాదు.

ఇంజన్‌ను లోపలికి, అంటే బోటు వైపు, వంచితే ముక్కు దిగి అలలను కోసుకుంటూ పోతుంది. మరీ వంచితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బోటు చటుక్కున పక్కకు లాగుతుంది. బయటికి తీస్తే వేగం పెరుగుతుంది. అతిగా తీస్తే గెంతులు మొదలు. ప్రొపెల్లర్ గాలి పీల్చి ఆర్‌పీఎం ఎగబాకుతుంది, వేగం మాత్రం పెరగదు.

రెండు ఇంజన్లతో అసలు చిక్కు ట్రిమ్ కోణం చూపే మీటర్ల దగ్గర. ముళ్లు రెండూ ఒకేచోట నిలిచినా కోణాలు ఒకటి కాకపోవచ్చు. బోటు ట్రైలర్ మీదుండగా వెనక నిలబడి చూస్తే తేడా కంటికే దొరుకుతుంది. (పైసా ఖర్చు లేని పరీక్ష; అందుకే కాబోలు ఎవరూ చెప్పరు.)

హార్స్‌పవర్ గొప్పలు చెప్పి అమ్మే డీలర్లు ఈ పాఠం నేర్పాకే తాళాలివ్వాలి. రెండు ఇంజన్లనూ సమం చేశాక కూడా ఒరుగు మిగిలితే అప్పుడు ట్రిమ్ ట్యాబులు (బోటు వెనక అంచున ఉండే పలకలు): ఎడమది దించితే ఎడమ పక్క లేస్తుంది.