కొండదారి కూడా తరగతి గదియే

శీతకాలపు సెలవులు సమీపించగానే మన కళాశాలలో ఏటేటా ఒకే చర్చ తలెత్తుతుంది. విద్యార్థులు యాత్ర కావాలంటారు. తల్లిదండ్రులు వెనుకాడుతారు. కమిటీ పెద్దలు ఖర్చునూ, ప్రమాదాన్నీ తలచుకొని మౌనం వహిస్తారు. అధ్యాపకులమైన మేము ఈ మూడు పక్షాల నడుమ నిలబడి, ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడి, చివరకు ఏదీ తేల్చకుండా ఊరుకుంటాము. ఈసారి అట్లా ఊరుకోరాదని నిశ్చయించుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మా అభిప్రాయం ఇది: యాత్రలు మానరాదు, సన్నాహం లేని యాత్ర చేయరాదు, డబ్బు లేదన్న కారణాన ఒక్క విద్యార్థి అయినా ఇంటివద్ద మిగిలిపోరాదు.

యాత్ర విద్యలో భాగమన్న మాట కొత్తది కాదు. ప్రయాణం విజయానికి సాధనమని ఉర్దూలో సామెత ఉన్నది. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖురాన్ పలుమార్లు ప్రబోధిస్తుంది. మన తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో పెద్ద పరివారంతో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, 1831లో తిరిగివచ్చేవరకు దారిలోని ఊళ్ళనూ, వసతులనూ, జనుల జీవన విధానాన్నీ వ్రాసిపెట్టారు. ఆ వ్రాతలే 'కాశీయాత్ర చరిత్ర' అయినవి. చూచుట, చూచినదానిని ఆలోచించి వ్రాయుట, ఈ రెండూ కలిసినప్పుడే ప్రయాణం విద్య అవుతుంది. లేకున్నచో అది బస్సులో కూర్చొని తిరిగివచ్చుట మాత్రమే.

మొన్నటి జనవరిలో చివరి సంవత్సరం విద్యార్థులు 38 మందితో మూడు రోజులు గండికోటకు వెళ్ళివచ్చాము. వై.యస్.ఆర్. కడప జిల్లా జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండల నడుమ, పెన్నానది చీల్చుకొనిపోయిన లోయ అంచున నిలిచిన దుర్గమది. నది కొండకు కొట్టిన గండి వలననే దానికి ఆ పేరు. లోయ లోతు సుమారు 300 అడుగులు. పలకలు పలకలుగా పేర్చినట్లుండే ఆ ఎర్రరాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు క్వార్ట్‌జైట్ అంటారు. దాని వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. తెల్లవారుజామున ఆ అంచుకు చేరిన మా పిల్లలు, దారి పొడవునా కేకలు వేసినవారే, ఒక్కసారిగా నిశ్శబ్దులైనారు.

క్రీ.శ. 1123లో కాకరాజు ఇక్కడ మట్టికోట కట్టించాడని స్థానిక కైఫీయతు చెబుతున్నది. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీనిని ఏలారు. 1650లో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకొన్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికే వచ్చి ఆయనను కలిసికొన్నాడు. నేడు కోటలోపల మాధవరాయ స్వామి ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు, దాని ప్రక్కనే విశాలమైన ధాన్యాగారం, ఒక కోనేరు కనబడతాయి. ఆలయ గోపురాన్నీ, మసీదు మీనార్లనూ ఒకేచోట నిలబడి చూడవచ్చును.

అక్కడ ఒక విద్యార్థి మమ్ము అడిగాడు: "సార్, ఇంతకూ ఈ కోట ఎవరిది? వాళ్ళదా, మనదా?"

ప్రశ్న అమాయకమైనదే కాని సమాధానం తేలిక కాదు. ఈ కాలంలో ప్రతి పాత గోడనూ పట్టుకొని ఆ ప్రశ్నే వేస్తున్నారు. మేము ఉపన్యాసం ఇవ్వలేదు. మీర్ జుమ్లా కథ చెప్పాము. ఆయన ఇరాన్ నుండి గోల్కొండకు వచ్చినవాడు. వజ్రాల వ్యాపారంతో పైకి వచ్చి మంత్రి, సేనాని అయినవాడు. ఈ కోటను గెలిచిన ఐదారేండ్లకే గోల్కొండ కొలువు వదలి మొగలుల పక్షం చేరాడు. అస్సాం దండయాత్ర నుండి తిరిగివస్తూ 1663లో మరణించాడు. ఆయనకు ముందు ఏలినవారూ వెళ్ళిపోయారు. తరువాత వచ్చినవారూ వెళ్ళిపోయారు. రాళ్ళు మోసిన కూలీల పేర్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు. మిగిలింది వారు పేర్చిన రాయి. దానిని కాపాడేందుకు ఖర్చయ్యే ప్రతి రూపాయీ ఈ దేశ ప్రజలు కట్టే పన్నులోనిది. కనుక గోపురమూ నీదే, మీనారూ నీదే, రెండింటి బాధ్యతా నీదే అన్నాము. ఆ అబ్బాయి తల ఊపాడు.

ఆ మాట గాలిలో ఉండగానే మాకు పరీక్ష ఎదురైనది. ధాన్యాగారం గోడపై ఒక విద్యార్థి తాళపుచెవితో తన పేరు గీకుతూ కనిపించాడు. అతడు మందబుద్ధి కాడు, తరగతిలో ముందు వరుసవాడు. కోపం పట్టలేక మందలించాము. "ఇంతమంది వ్రాశారు గదా సార్!" అన్నాడు. నిజమే, చుట్టూ ఎన్నో పేర్లున్నవి. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే బయలుదేరే ముందు ఎవరెవరు ఏ సీటులో కూర్చోవాలో చెప్పాము గాని, ప్రాచీన కట్టడం వద్ద ఎట్లా మెలగవలెనో చెప్పలేదు. రక్షిత కట్టడాలను పాడుచేసిన వారికి 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం, 2010 సవరణ తరువాత, రెండేండ్ల వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని కూడా చెప్పలేదు. తప్పులో సగం మాది. ఆ అబ్బాయి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మరునాడు, ఎవరూ అడుగకుండానే, సంచి పట్టుకొని కోనేటి గట్టున పడివున్న ప్లాస్టిక్ సీసాలు ఏరాడు.

రెండవ రోజు సాహస క్రీడలు. తాడు సాయంతో కొండ అంచు నుండి దిగుట, తెడ్డు వేసే చిన్న కయాక్ పడవలో నీటిపై తిరుగుట. శిక్షకులు స్థానిక యువకులు. నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, తలకు హెల్మెట్ పెట్టి, ప్రతి ముడినీ ఇద్దరు వేరువేరుగా తనిఖీ చేసిన తరువాతనే అంచుకు పంపారు. వదులుగా వ్రేలాడే దుపట్టా గాని, బురఖా అంచు గాని తాడులో చిక్కుకొనగలదు గనుక ముందే బిగించి కట్టుకోమన్నారు. మా విద్యార్థినులు ఏడుగురు. తల చుట్టూ కట్టిన స్కార్ఫు మీదనే హెల్మెట్ పెట్టుకొని ఐదుగురు దిగారు. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ నీటి దరికి రానీయలేదు.

బస్సులో అందరికంటె ఎక్కువ గొప్పలు చెప్పిన కుర్రవాడు అంచు వద్ద ఆగిపోయాడు. కాళ్ళు కదలలేదు. తోటివారు నవ్వబోతే శిక్షకుడు వారించి, "పర్వాలేదు తమ్ముడూ, ఇటు వచ్చి నాతో పట్టీలు చూడు" అన్నాడు. ఆ పూట అతడు కొండ దిగలేదు. కాని ముప్పైమంది పట్టీలు ఒక్కొక్కటే లాగి చూచి పంపాడు. మేము దిగినప్పుడు మా పట్టీ చూచినవాడూ అతడే. ఆ క్షణాన అతని చేతిమీద మాకున్న నమ్మకం, తరగతి గదిలో మూడేండ్లలో ఎన్నడూ లేనిది.

కమిటీ పెద్దల భయం నిరాధారమని మేము అనము. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్ కొండలకు విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడిచిన నీటి ప్రవాహంలో బియాస్ నది పాలైనారు. ఆ కన్నవారి దుఃఖం తెలుగునాట ఎవరు మరువగలరు? అయితే దానికి సరిగ్గా రెండు వారాల ముందు, మే 25న, నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ పదమూడేండ్ల వయస్సులో ఎవరెస్టు శిఖరంపై నిలిచింది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివిన పేదింటి బాలిక ఆమె. భువనగిరి కొండపై, డార్జిలింగులో, లడఖ్‌లో శిక్షణ పొందిన తరువాతనే ఆమెను శిఖరానికి పంపారు. బియాస్‌లో పోయిన పిల్లల తప్పు ఏమీ లేదు. నీరు వస్తున్నదని సకాలంలో వారిని హెచ్చరించి ఒడ్డుకు చేర్చే ఏర్పాటు లేదు. ఈ రెండు ఘటనల నుండి మనం నేర్వవలసినది ఇంటివద్ద కూర్చొనుట కాదు, ముందుగా సిద్ధపడుట.

ఇక మా మనసును కలచివేసిన విషయం ఒకటి చెప్పాలి. యాత్రకు తలకు 2,200 రూపాయలు అయినది. పేరు వ్రాయించుకొన్న ఒక విద్యార్థి చివరి రోజున జ్వరమని రాలేదు. తిరిగివచ్చిన తరువాత తెలిసింది: ఆ మూడు రోజులూ అతడు ఒక బట్టల దుకాణంలో పనిచేసి పరీక్ష ఫీజు కూడబెట్టుకొన్నాడు. మాతో జ్వరమని చెప్పటానికి అతడెంత సిగ్గుపడి ఉంటాడో! గండికోటను అందరికంటె శ్రద్ధగా చూడగలవాడు అతడే. మేము లోయ అంచున నిలబడి చరిత్ర చెబుతున్నప్పుడు అతడు చీరలు మడుస్తున్నాడు.

కావున కమిటీ పెద్దలకు మా విన్నపం. వార్షిక బడ్జెట్టులో యాత్రానిధి ఒకటి ఏర్పరచండి; సాయం పొందినవారి పేర్లు ప్రకటించవద్దు. ప్రతి యాత్రకూ ఇద్దరు అధ్యాపికలను తప్పక పంపండి. అప్పుడు విద్యార్థినుల సంఖ్య ఏడు వద్ద ఆగిపోదు. బయలుదేరక ముందే తల్లిదండ్రులను పిలిచి, శిక్షకుల అర్హతలూ, నీటి పరిస్థితీ, దగ్గరి ఆసుపత్రీ వివరంగా తెలియజేయండి. తిరిగివచ్చిన ప్రతి విద్యార్థి ఉర్దూలో గాని, తెలుగులో గాని ఒక వ్యాసం వ్రాయవలెనన్న నియమం పెట్టండి. ఈ సంచికకే ఆ వ్యాసాలు వన్నె తెస్తాయి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు చెప్పవలసినది కొంచెమే. పాత గోడపై మీ పేరు వ్రాయకండి. అక్కడ చూచినదానిని మీ నోటుపుస్తకంలో వ్రాయండి. అంచు వద్ద ఆగిపోయిన మిత్రుని చూచి నవ్వకండి. వచ్చే సంవత్సరం పేర్లు వ్రాయించుకొనేటప్పుడు, మీ బెంచీలో ఎవరికైనా హఠాత్తుగా జ్వరం వస్తే, ఒకసారి అతని ఇంటికి వెళ్ళి పలుకరించి రండి.