సూదికన్నా ముందు కల్చర్

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో పసివాడికి జ్వరమొస్తే చాలామంది ముందుగా వెళ్ళేది ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో. "కాస్త పవరున్న మందివ్వండి బాబూ" అంటే యాంటీబయాటిక్ సిరప్పు చేతికొస్తుంది. పొడిలో గీత దాకా నీళ్ళు పోసి, కుదిపి, మూతతో కొలిచి పట్టిస్తారు. రెండ్రోజుల్లో జ్వరం దిగితే మిగతా మందు గూట్లోకి వెళ్తుంది. చెల్లికి దగ్గొచ్చినప్పుడు మళ్ళీ అదే సీసా దిగుతుంది.

అలా చేసే తల్లిని నేను తప్పుపట్టను. పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళే మనిషి టెక్కలి ఆసుపత్రికి వస్తే ఆరోజు కూలి పోయినట్టే. నేను అడిగేది ప్రభుత్వాన్ని.

ఇలా వాడిన మందులకి క్రిములు లొంగడం మానేస్తే ముప్పు పసికందులకి. ఒళ్ళంతా ఇన్‌ఫెక్షన్ పాకిన నవజాత శిశువుకి మొదట ఇచ్చేవి యాంపిసిలిన్, జెంటామైసిన్. అవి పనిచేయకపోతే మెరోపెనెమ్. అదీ ఓడితే కొలిస్టిన్, అది మూత్రపిండాలను దెబ్బతీయగల మందు. కిడ్నీ జబ్బుతో ఇంతగా నలిగిన ఉద్దానంలో ఏ పసికందుకూ ఆ అవసరం రాకూడదు. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల శిశువులపై 2016లో వెలువడిన అధ్యయనంలో క్లెబ్సియెల్లా క్రిముల్లో 54 శాతం, అసినెటోబాక్టర్‌లో 82 శాతం పలు రకాల మందులకు లొంగలేదు. మన వార్డుల్లో ఏ క్రిమి ఉందో, దేనికి లొంగుతుందో ఢిల్లీ లెక్క చెప్పదు. ఇక్కడే పరీక్షించాలి.

ఆ పరీక్షే బ్లడ్ కల్చర్. మొదటి డోసుకి ముందే బిడ్డ రక్తం ఒక మిల్లీలీటరు తీసి పోషకద్రవమున్న సీసాలో వేస్తారు. ఫలితం కోసం ఆగరు, మందు వెంటనే మొదలుపెడతారు. సీసాలో క్రిమి పెరిగాక దాన్ని పళ్ళెంలో పరిచి, మందు అద్దిన చిన్న బిళ్ళలు పెడతారు. మర్నాటికి ఏ బిళ్ళ చుట్టూ తగినంత మేర క్రిమి పెరగకుండా తేటగా ఉంటుందో ఆ మందు పనిచేస్తుంది. అంచుదాకా క్రిమి కమ్మేస్తే ఆ మందు దండగ. షాపు సిరప్పు ముందే ఒంట్లోకి వెళ్ళి ఉంటే ఒక్కోసారి సీసాలో ఏమీ పెరగదు, డాక్టరుకి దారి దొరకదు. ఇంట్లో మిగిలిన మందు చేసే ఈ చేటు గురించి ఆశా కార్యకర్తలు గట్టిగా చెప్పాలి.

దశాబ్దాల గోడు తర్వాత 2023 డిసెంబరులో పలాసకి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. పిల్లల వార్డుల కోసమూ అంత గట్టిగా అడగాలి. టెక్కలిలో, పలాసలో రాత్రయినా కల్చర్‌కి రక్తం తీయాలి. ల్యాబ్ దగ్గర్లో లేనిచోట నమూనాలు రోజూ శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేరాలి, రిపోర్టు డాక్టరు ఫోనుకి రావాలి. ఏ మందు ఏ క్రిమిపై పనిచేస్తోందో తెలిపే పట్టికను ఏటా కొత్తగా వేసి డ్యూటీ గదిలో అంటించాలి.