కాషాన్ గిన్నె ఎవరిది?

మన వారసత్వాన్ని గురించి రెండు మాటలు తరచు వినవలసి వస్తున్నది. అది పరాయిదని బయటివారు కొందరంటారు. ఇతరుల ఛాయలు సోకి కల్తీ అయినదని మనవారే కొందరంటారు. ఈ ఇరువురి ముందూ ఇరాన్‌లోని కాషాన్ పట్టణపు గిన్నెనొకదానిని ఉంచాలని నా కోరిక.

తొమ్మిదవ శతాబ్దంలో చైనా తెల్ల పింగాణి ఓడలపై బస్రా రేవుకు వచ్చేది. ఇరాక్ కుమ్మరులకు అటువంటి తెల్లమట్టి దొరకదు. వారు తగరం కలిపిన పూతను మామూలు మట్టిపాత్రపై పూసి ఆ తెలుపును సాధించారు. వెండి, రాగి సమ్మేళనాలతో చిత్రించి, పొగ కమ్మిన ఆవంలో మరల కాల్చి బంగారు మెరుపును రప్పించిన విద్య కూడా వారిదే. ఈజిప్టులో వర్ధిల్లి, పన్నెండవ శతాబ్దపు చివరికి అది కాషాన్‌లో పరాకాష్ఠకు చేరింది. అక్కడి కుమ్మరి వంశంలో పుట్టి మంగోలు కొలువులో లేఖకుడైన అబుల్ ఖాసిం 1301లో దీనినంతటినీ గ్రంథస్థం చేశాడు. తెల్లరాతి పొడి పది భాగాలు, గాజుపొడి, తెల్లమట్టి ఒక్కొక్క భాగం అని లెక్క కూడా వ్రాసిపెట్టాడు. గుమాస్తాగిరీలో జీవితం గడిపిన నాకు ఆయనపై కొంత పక్షపాతం లేకపోలేదు!

కాషాన్ ఆవాలలో ఖుర్ఆన్ ఆయతులు తీర్చిన మెహ్రాబులు తయారైనవి. ఇస్లాంకు పూర్వపు రాజు బహ్రాం గూర్ వేటను చిత్రించిన గిన్నెలూ తయారైనవి. మంగోలులు ఇరాన్ నగరాలను నేలమట్టం చేశారు. ఆ గాయం చిన్నది కాదు. అయినా 1270ల ప్రాంతంలో అబాఖా ఖాన్ తఖ్తె సులైమాన్‌లో కట్టించిన ప్రాసాదపు గోడపలకలపై చైనా డ్రాగన్ ఒకవైపు, ఫార్సీ షానామా పద్యాలు మరొకవైపు కనిపిస్తాయి.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగలేదు. పద్నాలుగవ శతాబ్దంలో పశ్చిమాసియా నుండి వెళ్లిన కోబాల్ట్‌తోనే జింగ్‌దెజెన్ కుమ్మరులు నీలి తెలుపు పింగాణిని లోకప్రసిద్ధం చేశారు. తరువాతి కాలంలో చైనీయులు ఆ రంగుకు 'ముస్లిం నీలం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 1611లో షా అబ్బాస్ వెయ్యికి పైగా చైనా పాత్రలను అర్దబీల్ దర్గాకు సమర్పించాడు.

ఇంచుమించు ఆ రోజులలోనే మన హైదరాబాదు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై ఇరానీ పద్ధతిలో కోసి అమర్చిన రంగుపలకలు అలంల ఆకృతిలో వెలిశాయి. 1908 మూసీ వరదలో కొన్ని దెబ్బతిన్నా, తక్కినవి నేటికీ నిలిచివున్నవి. మన వినతిపత్రాలలో సర్వే నంబర్లకే చోటుంటున్నది. ఈసారి ఆ పలకల సంరక్షణను గురించి కూడా ఒక పేరా చేర్చవలసినదిగా కార్యకర్తలను కోరుతున్నాను.