డాలాట్ కొండ ఊరిలో ఎక్కడ, ఏమి తినాలి?

ఈ నెల మనం వియత్నాం దేశపు దక్షిణ భాగంలోని ఒక కొండ ఊరికి వెళ్దాం. దాని పేరు డాలాట్. హో చి మిన్ నగరానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 1500 మీటర్ల ఎత్తున, లాంగ్‌బియాంగ్ పీఠభూమి మీద ఉన్నది. మన ఊటీ వంటిదనుకోండి. ఏడాది పొడుగునా చల్లగానే ఉంటుంది, పొద్దు గూకితే స్వెట్టరు కావాలి. ఈ మధ్య మన పిల్లలు వియత్నాం విహారయాత్రకు వెళ్తున్నారు గనుక, అక్కడ ఏమి తినవచ్చో తెలిసి ఉండటం మంచిది. వెళ్ళని వారు కూడా, ముఖ్యంగా కూరగాయలు పండించే కుటుంబాల వారు, చివరి వరకు చదవండి. ఈ ఊరి బంగాళాదుంప కథ మీ కొరకే చెప్తున్నాను.

ఈ ఊరు ఎలా పుట్టిందో ముందు రెండు మాటలు. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో కనుగొన్న అలెగ్జాండర్ యెర్సిన్ అనే వైద్యుడు, అంతకు ఒక ఏడాది ముందు, అనగా 1893లో, ఈ పీఠభూమిని చూచాడు. మైదానపు ఎండకు, జ్వరాలకు తాళలేని ఫ్రెంచివారికి ఇది విశ్రాంతి స్థలం కాగలదని ఆయన సలహా ఇచ్చాడు. దొరలు వచ్చారు. వారితో పాటు వారి కాయగూరలూ వచ్చాయి: క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, స్ట్రాబెర్రీ, ఆర్టిచోక్. అయితే మట్టిలో చేతులు పెట్టినది దొరలు కాదు గదా! హనోయి దగ్గరి హా డాంగ్ ప్రాంతం నుండి 1938లో కూరగాయల రైతులను తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించారు. ఆ పేట పేరు నేటికీ హా డాంగే. దొరలు వెళ్ళిపోయారు, తోటలు నిలిచాయి. పరిపాలన కొరకు 2025 జూలైలో ఈ నగరాన్ని వార్డులుగా విడదీశారు గాని, జనం మాత్రం డాలాట్ అనే పిలుస్తారు.

ఇక తిండి సంగతి. ఉదయం లేవగానే బాన్ కాన్ తినండి. మట్టి పొయ్యి మీద గుంతలు గుంతలుగా ఉన్న మట్టి పెనం, ఒక్కొక్క గుంతకు ఒక్కొక్క బుల్లి మట్టి మూత. నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండి పోసి, పైన కోడిగుడ్డో కౌజుపిట్ట గుడ్డో కొట్టి మూత పెడతారు. చూడగానే మీరు "ఇవి మన గుంత పొంగణాలే గదా!" అంటారు. నిజమే, అయితే మినప్పప్పు ఉండదు, నూనె నామమాత్రం. రెండేసి జత చేసి పళ్ళెంలో పెడతారు. పక్కన ఒక గిన్నెలో చేపల రసం, ఉల్లికాడలు, మిరపకాయ, అందులో తేలే మాంసపు ఉండలు. ఉల్లికాడ వాసనతో ఆ వేడి రసంలో ముంచి తింటుంటే చలి తెలియదు. పొయ్యి చుట్టూ జానెడెత్తు పీటలు వేసి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు మాత్రం కుర్చీ అడిగి తీసుకోవాలి. తాంగ్ బాట్ హో వీధిలోను, పెద్ద చర్చికి దగ్గరగా ఉన్న నా చుంగ్ వీధిలోను ఈ అంగళ్ళు కనబడతాయి.

హోవాంగ్ జియూ వీధి వైపు వెళ్తే మరో రకం ఫలహారం దొరుకుతుంది. గిన్నెడు వేడి చారులో మాంసపు ఉండలు వేసి, పక్కన కరకరలాడే రొట్టె ఇస్తారు. రొట్టె తుంచి చారులో ముంచుకోవడమే. రొట్టె ఫ్రెంచివారిది, ఉండలు చైనావారి నుండి వచ్చినవి, కారం ఈ ఊరివారిది.

సాయంత్రం ఊరి నడుమనున్న పెద్ద మార్కెట్ మెట్ల దగ్గరకు వెళ్ళండి. బొగ్గుల కుంపటి మీద పల్చటి బియ్యపు అప్పడం పరచి, గుడ్డు, ఉల్లికాడలు, ఎండు రొయ్యల పొడి వేసి కాలుస్తారు. కుర్రకారు దీనిని డాలాట్ పిజ్జా అంటారు. మామూలుగా ఇరవై ముప్పై వేల డాంగ్‌లు ఉంటుంది. వేలు అనగానే భయపడకండి, మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి. చీజు వేయనా అని అడిగితే వద్దనండి, ఎండు రొయ్యల రుచి దాని కింద పోతుంది. ఆ తరువాత వేడి సోయా పాలు. పాల దుకాణాల ముందు ఆ చలిలో రాత్రి చాలా సేపటి వరకు జనం కూర్చునే ఉంటారు. నలుగురైదుగురు కలిసి వెళ్ళినవారు కోడి కూర కుండ తెప్పించుకోవచ్చు. బల్ల మీదనే పొయ్యి, దాని మీద ఉడికే కోడి పులుసు, అందులో లా ఏ అనే ఆకు. ఇది సబ్జా జాతి ఆకు, నిమ్మ వాసన వేస్తుంది. మన ఇంట కూడా చేసి చూడదగినది ఇదొక్కటే.

ఆర్టిచోక్ అంటే పొలుసుల్లాంటి రేకులున్న పెద్ద పూమొగ్గ. దానిని పంది కాళ్ళతో కలిపి గంటల తరబడి ఉడికించి చారు చేస్తారు. ఎండిన కాడలు, వేళ్ళు టీగా అమ్ముతారు. కాలేయానికి మంచిదని అమ్మేవారు చెప్తారు. రుచి కొరకు త్రాగండి గాని, వైద్యం అనుకొని కొనవద్దు.

ఇప్పుడు బంగాళాదుంప కథ. డాలాట్ దుంప చిన్నది, తొక్క పల్చన, లోపల పసుపు పచ్చన. ఆ నేల ఎర్రమట్టి అంటుకొనే మార్కెట్‌కు వస్తుంది. వియత్నాం గృహిణులు దానిని ఇష్టపడి ఎక్కువ ధర పెట్టి కొంటారు. చైనా నుండి దిగుమతి అయ్యే దుంప లావుగా, కడిగినట్లు శుభ్రంగా ఉంటుంది, చౌక. కొందరు వ్యాపారులు ఏమి చేస్తారంటే, ఆ చౌక దుంపలను తెప్పించి, వాటికి డాలాట్ ఎర్రమట్టి పులిమి, డాలాట్ దుంపలని అమ్ముతారు! ఇది వదంతి కాదు, అధికారులు పట్టుకున్నారు, ఆ దేశపు పత్రికలు ఎన్నోసార్లు వ్రాశాయి. దిగుమతి చేయడం నేరం కాదు, పేరు మార్చడం నేరం. కొనేవాడు కొంత డబ్బు పోగొట్టుకుంటాడు. కొండ వాలు మీద నెలల తరబడి వంగి పనిచేసిన రైతు మాత్రం, తన పంట తీయకముందే తన ఊరి పేరు మీద మరొకరి సరుకు దిగి ధర పడిపోవడం చూస్తాడు. కాబట్టి అక్కడ మట్టిని చూచి మోసపోకండి. తొక్కను గోటితో గీరి చూడండి, ఎక్కడిదని అడగండి. వీలైతే తోట దగ్గరే కొనండి.

ఆ రైతులకు మరొక చిక్కు కూడా ఉన్నది. వానకు పూలు, స్ట్రాబెర్రీలు పాడవకుండా కొండలంతా ప్లాస్టిక్ పందిళ్ళు వేశారు. రాత్రి విమానంలోంచి చూస్తే దీపాల సముద్రంలా ఉంటుంది. కాని పందిరి మీద పడిన వాన నేలలో ఇంకదు, వీధుల మీదికి వస్తుంది. నగరం నడుమ 2030 నాటికి ఈ పందిళ్ళు లేకుండా చేయాలని అక్కడి ప్రభుత్వం ప్రణాళిక వేసింది. పందిరి తీస్తే వాన దెబ్బ రైతుదే, తీయకపోతే వరద దెబ్బ ఊరిది.

మాంసం తినని వారు "చాయ్" అనే మాట గుర్తుంచుకోవాలి. అక్కడ దాని అర్థం శాకాహారం! టీ అనుకొని చాయ్ అడిగితే టోఫు, పుట్టగొడుగులు వచ్చే ప్రమాదం ఉన్నది. చేపల రసం దాదాపు ప్రతి వంటలోను పడుతుంది గనుక, చాయ్ అని బోర్డు ఉన్న హోటలుకే వెళ్ళడం మేలు.

కాఫీ ప్రియులు ఊరి నుండి ఇరవై కిలోమీటర్లకు పైగా ఉన్న కావు డాట్ తోటల వైపు వెళ్ళవచ్చు. వియత్నాంలో ఎక్కువగా పండేది రోబస్టా. ఇక్కడ మాత్రం మన అరకులో వలె అరబికా పండుతుంది. లాంగ్‌బియాంగ్ కొండ పాదాన ఉన్న కోహో గిరిజనులు కూడా కాఫీ పండిస్తారు. డాలాట్ అనే పేరు వారి భాషదే, లాక్ తెగవారి వాగు అని అర్థం. వారిలో మనవంటి సంఘాలు కూడా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి ఏదైనా తేవాలంటే, చలిగాలికి వేలాడదీసి ఎండబెట్టిన పెర్సిమన్ పండ్లు తెండి. సంవత్సరాంతంలో వెళ్ళినవారికి కొత్త సరుకు దొరుకుతుంది.